మామూలు మనుషులు తీవ్రవాదంలోకి ఎలా జారుకుంటారు? జపాన్ ఉదంతం, శ్రీకాకుళం అనుభవం

టోక్యో తెలుగు:

తీవ్రవాదం ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన చర్చ రెండు మాటల దగ్గరే ఆగిపోతోంది. ఒకరు “వాళ్ల బుర్రలు పాడుచేశారు” అంటారు, మరొకరు “అన్యాయం జరిగింది గనుక తిరగబడ్డారు” అంటారు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది గాని, నిన్నటిదాకా మామూలుగా చదువుకున్న మనిషి తోటివాణ్ణి చంపగలిగే స్థితికి ఏ మెట్ల మీదుగా చేరాడన్నది మాత్రం ఈ రెండింటిలో ఏదీ చెప్పదు. ఉద్యోగరీత్యా నేను జపాన్‌లో ఉంటున్నాను. ఆ మెట్లన్నీ వరుసగా కనబడే ఉదంతం ఒకటి ఇక్కడ ఉంది కాబట్టి దాన్ని మీ ముందు పెడుతున్నాను.

1960ల చివర జపాన్ విశ్వవిద్యాలయాల్లో లక్షలాది విద్యార్థులు వియత్నాం యుద్ధానికీ, అమెరికాతో భద్రతా ఒప్పందానికీ వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చారు. ఉద్యమం చల్లారుతున్నకొద్దీ ఎక్కువమంది ఇళ్లకు, ఉద్యోగాలకు వెళ్లిపోయారు. మిగిలినవారు చిన్న చిన్న ముఠాలుగా చీలిపోయి మరింత బిగుసుకున్నారు. 1969 నవంబరు 5న డైబోసత్సు కనుమ దగ్గర సాయుధ శిక్షణ కోసం చేరిన రెడ్ ఆర్మీ ఫ్యాక్షన్ అనే ముఠా సభ్యులు 53 మంది పోలీసులకు పట్టుబడ్డారు. 1970 మార్చిలో దాని నాయకుడు షియోమి తకాయా అరెస్టయ్యాడు, ఆ నెలాఖరులోనే మరికొందరు విమానాన్ని దారి మళ్లించి ఉత్తర కొరియా చేరుకున్నారు. అలా పైవరుస ఖాళీ కావడంతో నాయకత్వం మోరి త్సునెయో చేతికి వచ్చింది. ఇతను 1969లో అంతర్గత ఘర్షణ జరిగినప్పుడు భయపడి బృందాన్ని వదిలిపోయి, ఆ తర్వాత తిరిగివచ్చిన మనిషి. 1971 జూలైలో ఈ బృందం నగతా హిరోకో నాయకత్వంలోని మరో బృందంతో కలిసి యునైటెడ్ రెడ్ ఆర్మీగా ఏర్పడింది. ఒకరి దగ్గర బ్యాంకులు దోచిన డబ్బుంది, ఇంకొకరి దగ్గర దుకాణం దోచి తెచ్చిన తుపాకులున్నాయి. నగతా బృందం అదే వేసవిలో, తమను విడిచివెళ్లిన ఇద్దరు పాత సభ్యులను చంపి పాతిపెట్టింది.

డిసెంబరులో రెండు బృందాలూ కొండల్లో ఉమ్మడి శిక్షణకు కలిసినప్పుడు మొదలైన గొడవ నీళ్ల సీసాల గురించి. నగతా మనుషులు కొండెక్కేటప్పుడు నీళ్ల సీసాలు తెచ్చుకోలేదు. విప్లవకారులకు ఉండాల్సిన సన్నద్ధత ఇదేనా అని రెడ్ ఆర్మీ వారు నిలదీశారు. దానికి బదులుగా నగతా అవతలి బృందంలోని ఒక సభ్యురాలి వేలికి ఉన్న ఉంగరాన్ని ఎత్తిచూపి, ఇది విప్లవకారిణి వేషమేనా అని అడిగింది. ఎవరి నిబద్ధత గట్టిదన్న పోటీ అక్కడ మొదలైంది. ఆ నెలలోనే గున్మా కొండల్లోని స్థావరాల్లో ఆత్మవిమర్శ పేరుతో తోటివారిని నిలబెట్టి ప్రశ్నించడం, ఆపైన కొట్టడం, ఆపైన చలిలో కట్టేయడం జరిగాయి. స్పృహ తప్పేలా కొడితే, తెలివి వచ్చాక ఆ మనిషి కొత్త కమ్యూనిస్టుగా లేస్తాడని మోరి వాదించాడు. డిసెంబరు 31న మొదటి మనిషి చనిపోయాడు. మనం తప్పు చేశామని ఒప్పుకోవడానికి అంతకు మించిన అవకాశం మరొకటి ఉండదు. అయితే మోరి ఆ మరణానికి కొత్త అర్థం కట్టాడు: అతను తనను తాను మార్చుకోలేక, తన లోపల తానే ఓడిపోయి చచ్చాడన్నాడు. అందరూ ఒప్పుకున్నారు, ఎందుకంటే అప్పటికే అందరి చేతులూ ఆ దెబ్బల్లో ఉన్నాయి. 29 మందిలో 12 మంది అలా తోటివారి చేతుల్లోనే పోయారు. ఉంగరం పెట్టుకున్న ఆ యువతి వారిలో ఒకరు, ఎనిమిది నెలల గర్భిణి మరొకరు.

1972 ఫిబ్రవరి 19 నుంచి 28 వరకు కరుయిజావా దగ్గర అసామా విడిదిలో అయిదుగురు సభ్యులు ఒక మహిళను బందీగా పట్టుకుని పోలీసులతో తలపడ్డారు. దేశమంతా దాన్ని టీవీలో చూసింది. కొండల్లోని శవాల సంగతి మాత్రం పట్టుబడినవారి వాంగ్మూలాలతో తర్వాత బయటపడింది.

ఈ మనుషులలో పుట్టుకతో క్రూరులని చెప్పదగ్గవారు ఎవరూ కనబడరు. ప్రతి మెట్టూ ముందు మెట్టుకు కాస్త పైనే ఉంది, వెనక్కి దిగడానికి మాత్రం దారి మూసుకుపోతూ వచ్చింది. సభ్యుల విశ్లేషణ, అభిప్రాయం కోరుతున్నాను.


కృష్ణాతీరం:

ఎవరూ ఎందుకు పారిపోలేదు? మంచు కొండలే అయినా జైలు గోడలు కావు కదా.


టోక్యో తెలుగు:

పారిపోయినవారు ఉన్నారు. పని మీద కిందికి, పట్టణానికి పంపినప్పుడు తిరిగి రానివారు ఉన్నారు. భర్త ఆ కొండల్లోనే చనిపోగా, పసిబిడ్డను అక్కడే వదిలి వెళ్లిపోయిన తల్లి ఉంది. గుంపు కళ్లు మీద లేని కాసేపటిలోనే వారికి ఆ నిర్ణయం తీసుకునే శక్తి వచ్చిందన్నది నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. కొండ మీద ఉన్నంతసేపు, పక్కవాడు కూడా తనలాగే లోలోపల వణుకుతున్నాడన్న సంగతి ఎవరికీ తెలియలేదు. అనుమానం బయటపెట్టినవాడే తర్వాతి రాత్రి ఆత్మవిమర్శకు నిలబడాల్సివచ్చేది. ఈ ఉదంతాన్ని ఏళ్ల తరబడి పరిశోధించిన హవాయి విశ్వవిద్యాలయ సమాజశాస్త్రవేత్త పెట్రీషియా స్టీన్‌హాఫ్ కూడా, ఇందులో పనిచేసినవి ఏ గుంపులోనైనా కనబడే మామూలు సామాజిక ప్రక్రియలేనని చెబుతారు.


నాగావళి:

టోక్యో తెలుగు గారూ, మీరు రాసింది చదివి నాకు నిద్ర పట్టలేదు. అయినా ఒక అభ్యంతరం చెప్పక తప్పదు. మీ కథలో ఉన్నవాళ్లు తమ ఆకలి కోసం కొండెక్కినవాళ్లు కారు. అప్పటి శ్రీకాకుళం జిల్లాలోని మా పార్వతీపురం ప్రాంతంలో పుట్టి, బడిపంతులుగా పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ణి నేను. మా దగ్గర కథ అన్యాయంతో మొదలవుతుంది, దాన్ని వదిలేసి మెట్లు లెక్కపెడితే అబద్ధం చెప్పినట్టే అవుతుంది.

మా ఏజెన్సీలో జాతాపులు, సవరలు అనే గిరిజనులు చింతపండు, పిప్పళ్లు, అడ్డాకులు సంతకు తెస్తే షావుకారు చెప్పిందే ధర, అతను తూచిందే తూకం. అప్పు పత్రం మీద వేలిముద్ర వేసినవాడికి అందులో ఏం రాసి ఉందో తెలియదు. తాత పోడు కొట్టి సాగులోకి తెచ్చిన చెక్క, మనవడి నాటికి షావుకారు పొలమై, మనవడే అందులో పాలికాపుగా చేరేవాడు. అడవిలోంచి కట్టెలు తెచ్చుకోవాలంటే గార్డుకు మామూళ్లు ఇచ్చుకోవాలి. ఈ స్థితిలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం అనే ఇద్దరు ఉపాధ్యాయులు గిరిజన సంఘం కట్టారు. ఏళ్ల తరబడి వాళ్లు చేసింది సభలు, ఊరేగింపులు, అర్జీలు, సమ్మెలు. పాలికాపుల కూలి పెరిగింది, కొంత భూమి గిరిజనుల చేతికి తిరిగివచ్చింది.

1967 అక్టోబరు 31న మొండెంఖల్‌లో జరిగే సంఘం సభకు వెళుతున్నవారిని లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డుకుని కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. కేసు నడిచింది, నిందితులు నిర్దోషులుగా బయటికి వచ్చారు. కోర్టులో న్యాయం దొరుకుతుందన్న ఆశ ఆ తీర్పుతో మా కొండల్లో చాలామందికి పోయింది. 1968 నవంబరు 25న పెదగొట్టిలిలో గిరిజనులు గుంపుగా ఒక భూస్వామి ఇంటి మీదికి వెళ్లి ధాన్యాన్నీ, అప్పు పత్రాలనూ పట్టుకుపోయారు. వాళ్లు ఏం తీసుకున్నారో చూడండి: ధాన్యం, కాగితాలు. తమ జీవితాన్ని కట్టిపడేసినవి ఏవో వాళ్లకు స్పష్టంగా తెలుసు.

కాబట్టి దయచేసి ఉంగరం గురించి కొట్టుకున్న విద్యార్థులనూ, అప్పు పత్రం కోసం కదిలిన సవరనూ ఒకే గాటన కట్టవద్దు.


టోక్యో తెలుగు:

పంతులుగారూ, మీ అభ్యంతరాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాను. ఇద్దరినీ ఒకటిగా చూడడం నా ఉద్దేశం కాదు. నాకున్న ప్రశ్న పెదగొట్టిలి తర్వాతి సంగతి గురించి. ధాన్యం, కాగితాలు తీసుకున్న ఉద్యమం, కొద్ది నెలల్లోనే వ్యక్తులను చంపడమే ప్రధాన కార్యక్రమంగా ఎందుకు పెట్టుకుంది? అన్యాయం రెండు కాలాల్లోనూ ఒకటే కదా. మారిందేమిటి?


విశాఖ వకీలు:

మారినవి రెండని నా అభిప్రాయం, రెండూ ఒకే కాలంలో జరిగాయి.

మొదటిది రాజ్యం వైపు నుంచి. పెదగొట్టిలి తర్వాత కొండల్లోకి సాయుధ పోలీసు బలగాలు దిగాయి. బహిరంగంగా సభ పెట్టుకునే వీలు పోయింది. అర్జీ రాసే మనిషికీ, తుపాకీ పట్టిన మనిషికీ తేడా చూపించకుండా ఇద్దర్నీ ఒకేలా వేటాడినప్పుడు, అర్జీ రాసేవాడికి ఊళ్లో ఉండడంలో అర్థం కనిపించదు. ఎన్‌కౌంటర్ల పేరిట నాయకులు ఒక్కొక్కరే చనిపోయారు. 1969 మే నెలలో పంచాది కృష్ణమూర్తి, డిసెంబరులో సుబ్బారావు పాణిగ్రాహి, 1970 జూలైలో సత్యం, కైలాసం పోలీసుల చేతుల్లో మరణించారు. వారిని పట్టుకున్నాకే కాల్చారని ఉద్యమం వైపువారు అప్పటి నుంచీ చెబుతున్నారు.

రెండోది ఉద్యమం లోపలిది. ప్రజలు కదలకుండా, పోరాటం వారిలోంచి పెరగకుండా తుపాకులు పట్టరాదని వాదించిన కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి వర్గంతో అఖిల భారత కమ్యూనిస్టు విప్లవకారుల సమన్వయ కమిటీ 1969 ఫిబ్రవరిలో తెగదెంపులు చేసుకుంది. ఏప్రిల్ 22న సీపీఐ (ఎం.ఎల్.) ఏర్పడింది. దాని నాయకుడు చారు మజుందార్ ప్రతిపాదించిన వర్గశత్రు నిర్మూలన పంథా పార్టీ పంథా అయింది. అంటే “ఇది తొందరపాటు” అని లోపలి నుంచి చెప్పగలిగిన పెద్దలందరూ ఒక్కసారిగా బయటివాళ్లయిపోయారు. ఆ తర్వాత అదే మాట ఎవరన్నా అంటే అది సలహాగా వినబడదు, ద్రోహంగా వినబడుతుంది. జపాన్‌లో పైవరుసను పోలీసులు తీసుకుపోయారు, ఇక్కడ చీలిక తీసుకుపోయింది. వెనక్కి లాగే చేయి లేకపోవడం మాత్రం రెండు చోట్లా ఉంది.


పాతబస్తీ:

చర్చను కొంచెం దగ్గరి కాలానికి తేవడానికి అనుమతించండి. అన్యాయం జరిగినవారందరూ తీవ్రవాదులవుతారన్న మాట మా ఊరి అనుభవంలో నిలబడదు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలాక, హైదరాబాదులో ఎందరో ముస్లిం యువకులను పట్టుకెళ్లి చిత్రహింసలు పెట్టారు. తర్వాత వారిని కోర్టులు నిర్దోషులన్నాయి, ప్రభుత్వమే పరిహారం ప్రకటించింది. నాకు తెలిసిన అలాంటివారిలో ఒకరు మొబైల్ మరమ్మతు దుకాణం నడుపుతున్నారు, ఇంకొకరు తన కేసు నడిపిన వకీలు దగ్గరే కొన్నాళ్లు పనిచేసి, అలాంటి కుటుంబాలకు కాగితాల పనుల్లో సాయపడుతున్నారు. తమ ఒంటి మీద దెబ్బలు తిన్న ఈ మనుషులు తుపాకీ వైపు పోలేదు.

ఇంకోవైపు 2014లో హైదరాబాదు నుంచి బయలుదేరి బంగ్లాదేశ్ మీదుగా ఐసిస్‌లో చేరాలనుకున్న నలుగురు విద్యార్థులను కోల్‌కతాలో ఆపారు. వాళ్లను కదిలించింది ఫేస్‌బుక్‌లో పరిచయమైన గొంతులు, ఎక్కడో సిరియాలో జరుగుతున్న దారుణాల దృశ్యాలు. తెలంగాణ పోలీసులు వాళ్ల మీద కేసు పెట్టకుండా, తల్లిదండ్రులకు అప్పగించి, కౌన్సెలింగ్ ఇప్పించారు. అది సరైన పని అని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. 2015 డిసెంబరులో నాగ్‌పూర్ విమానాశ్రయంలో మళ్లీ ముగ్గురు పట్టుబడ్డారు. 2014లో ఇంటికి చేరినవారు కూడా వారిలో ఉన్నారని తెలిసినప్పుడు, కౌన్సెలింగ్ అంతా దండగ అని చాలామంది అన్నారు. నాకు అలా అనిపించదు. పిల్లవాణ్ణి ఇంటికి తెచ్చారు గాని, ఇంట్లో అతను మాట్లాడే మనిషి ఎవరు? వీధిలో అందరూ అనుమానంగా చూస్తుంటే, పాత స్నేహితులు పోలీసులకు భయపడి ముఖం చాటేస్తుంటే, అర్ధరాత్రి ఫోనులో “తమ్ముడూ, నువ్వు ఒంటరివి కావు” అనే గొంతు ఒక్కటే అతనికి మిగిలింది. మనం వదిలేసిన ఖాళీలోనే ఆ గొంతు కూర్చుంది.


సమాజశాస్త్రం:

పాతబస్తీ గారు చెప్పినది పరిశోధనలతో సరిపోతుంది. జిహాదీ ముఠాల్లో చేరిన 172 మంది జీవితాలను పరిశీలించిన మార్క్ సేజ్‌మన్, వారిలో ఎక్కువమందిని లోపలికి తీసుకువెళ్లింది స్నేహమూ, బంధుత్వమూ అని 2004లో చూపించారు. నార్వేలో జాత్యహంకార ముఠాల యువకులను పరిశోధించిన టోరె బ్యోర్గో కూడా ఇలాంటిదే గమనించారు: చాలామంది ముందు ముఠాలో చేరి, సిద్ధాంతాన్ని ఆ తర్వాత నేర్చుకున్నారు. వామపక్షమూ, మతమూ, జాతి దురహంకారమూ వేరువేరు భాషలు మాట్లాడుతున్నా, లోపలికి వెళ్లే ద్వారం దగ్గర నిలబడి చేయి పట్టుకున్నది మాత్రం సాధారణంగా ఒక స్నేహితుడే.

చదువు దీనికి విరుగుడు కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. 1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్లలో సారిన్ విషవాయువు వదిలిన ఓం షిన్రిక్యో అనే మత సంస్థ సభ్యులలో హయాషి ఇకువో అనే గుండె శస్త్రచికిత్స నిపుణుడు ఒకడు. మనుషుల ప్రాణాలు కాపాడడమే వృత్తిగా ఉన్నవాడు, గొడుగు మొనతో సారిన్ ఉన్న సంచిని పొడిచాడు.


అనంతపురం రాధ:

ఇంతవరకు చదువుతూ మాత్రమే ఉన్నాను. ఒక కాలేజీలో పాఠాలు చెబుతూ, హాస్టల్ బాధ్యత కూడా చూస్తున్నాను. మా దగ్గర ఒక అబ్బాయి ఉన్నాడు, చాలా తెలివైనవాడు. ఏ సిద్ధాంతం, ఏ మతం అన్నది కావాలనే చెప్పడం లేదు. మొదట్లో అతను అందరితోనూ వాదించేవాడు, నాతో కూడా గట్టిగా వాదించేవాడు. ఈమధ్య వాదించడం మానేశాడు. గదిలో స్నేహితులతో భోజనానికి రావడం లేదు, వాళ్లను “నిద్రపోతున్నవాళ్లు” అంటున్నాడు. వాట్సాప్, టెలిగ్రామ్ గుంపుల్లోనే ఉంటాడు. ప్రిన్సిపాల్‌కు చెబితే టీసీ ఇచ్చి పంపేస్తారు. పోలీసులకు చెబితే ఆ పిల్లవాడి జీవితం ఏమవుతుందో తెలియదు. చెప్పకుండా ఊరుకుంటే రేపు ఏదైనా జరిగితే ఆ భారం నాది. నేనేం చేయాలి?


విశాఖ వకీలు:

రాధ గారూ, అతను ఎవరికైనా హాని తలపెడుతున్నట్టు, ఆయుధాల కోసమో ప్రయాణం కోసమో ఏర్పాట్లు చేసుకుంటున్నట్టు మీకు తెలిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా పోలీసులకు చెప్పాల్సిందే. అంతకుముందు దశలో కేవలం అభిప్రాయాల కోసం పోలీసు దగ్గరికి వెళ్లవద్దు. అభిప్రాయం నేరం కాదు, దాన్ని నేరంలా చూసిన రోజున అతను ఆ గుంపువాళ్ల మాటే నిజమని నమ్ముతాడు. టీసీ ఇచ్చి పంపడం అన్నింటికన్నా చెడ్డ మార్గం, అది ఆ పిల్లవాణ్ణి మనంతట మనమే వాళ్లకు అప్పగించడం.

బయటికి వచ్చే దారి గురించి ఒక మాట. ఇటలీలో రెడ్ బ్రిగేడ్స్ అనే వామపక్ష సాయుధ ముఠా కాలంలో 1980, 1982 చట్టాలు పోలీసులకు సహకరించినవారికి శిక్ష తగ్గించాయి. 1987 చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. తన నేరాన్ని తాను ఒప్పుకుని హింసను వదులుకున్నవాడు, పాత సహచరుల పేర్లు చెప్పకపోయినా శిక్ష తగ్గింపుకు అర్హుడయ్యాడు. స్నేహితులకు ద్రోహం చేయకుండానే వెనక్కి రావచ్చన్న ఆ వీలు చాలామందికి దారి చూపింది. మన దగ్గర లొంగిపోయినవారి పరిస్థితి వేరు. పార్టీ దృష్టిలో ద్రోహులు, పోలీసుల దృష్టిలో సమాచారం పిండుకోదగిన ఇన్‌ఫార్మర్లు. రెండు వైపులా భయమే ఉన్నప్పుడు ఎంతమంది వస్తారు?


సమాజశాస్త్రం:

రాధ గారూ, అతను వాదించడం మానేశాడన్న మీ గమనిక చాలా విలువైనది. గట్టిగా వాదించే విద్యార్థిని చూసి మనం భయపడతాం గాని, వాదిస్తున్నంతకాలం అతను మన మాటకు విలువ ఇస్తున్నట్టే. నెమ్మదిగా మౌనం, పాత స్నేహితుల మీద తిరస్కారం, అందరికీ ఒకే పేరు పెట్టి దూరం చేయడం మొదలైనప్పుడు పట్టించుకోవాలి. అతని నమ్మకం తప్పని నిరూపించడానికి ప్రయత్నించకండి. సిద్ధాంతం కంటే ముందు మనుషులు అతన్ని పట్టుకున్నారు గనుక, మనుషులే విడిపించగలరు. ఏ స్నేహితుడితో అతనికి ఇంకా కాస్త మాట మిగిలి ఉందో కనుక్కుని, ఆ స్నేహితుణ్ణి అతనికి దూరం కానివ్వకండి.


నాగావళి:

అమ్మా రాధా, మీరు అడిగినందుకు నేను ముందు చెప్పకుండా దాటవేసిన సంగతి ఒకటి చెబుతాను. 1972లో విశాఖపట్నం జైలు నుంచి ఆరుగురు నాయకులు ఒక బహిరంగ లేఖ రాశారు. వారిలో కానూ సన్యాల్, చౌదరి తేజేశ్వరరావు, నాగభూషణ్ పట్నాయక్, కొల్లా వెంకయ్య, సౌరెన్ బోస్ ఉన్నారు. వ్యక్తుల నిర్మూలన పంథా తప్పని ఆ లేఖలో విమర్శించారు. 1970లో సౌరెన్ బోస్ చైనా వెళ్లినప్పుడు చైనా ప్రధాని చౌ ఎన్‌లై కూడా ఆ పంథాను తప్పుపట్టాడు, ఆ సంగతి అన్నాళ్లూ కార్యకర్తలకు తెలియలేదు. లేఖ వచ్చేనాటికి మా కొండల్లో ఎందరో గిరిజన యువకులు చచ్చిపోయారు, వారిలో కొందరు మా వీధిబడిలో నాకంటే పై తరగతుల్లో చదివినవాళ్లు. ఆ నాయకులు తెలివితక్కువవాళ్లు కారు, స్వార్థపరులు అసలే కారు. ప్రతి మరుసటి రోజు ఇంకా గట్టిగా ఉండి తీరాలన్న ఒత్తిడి లేని చోట, అంటే జైలు గదిలో, వాళ్లకు ఆ ఆలోచన చెప్పుకోవడానికి వీలు చిక్కింది. టోక్యో తెలుగు గారు చెప్పిన, పట్టణానికి పంపితే తిరిగి రాని సభ్యుల సంగతి చదివినప్పుడు నాకు ఈ లేఖే గుర్తొచ్చింది.

ఇంకొకటి కూడా చెప్పాలి. 1970లో ప్రభుత్వం భూబదలాయింపు నిబంధనలను సవరించి, ఏజెన్సీలో గిరిజనేతరుల మధ్య కూడా భూమి చేతులు మారకూడదని, అక్కడి భూమి మొదట గిరిజనులదేనని భావించాలని చట్టం చేసింది. అదే సవరణ 1967లో, లేవిడికి ముందే వచ్చి ఉంటే, దాన్ని అమలు చేసి ఉంటే, సత్యం మాస్టారు బడిలోనే ఉండేవారేమో అని నేను చాలాసార్లు అనుకున్నాను. అన్యాయాన్ని అలాగే ఉంచి పిల్లలను మాత్రం బుజ్జగిద్దామనుకుంటే కుదరదు.

మీ అబ్బాయి విషయానికి వస్తే, అతనికి కోపం తెప్పించిన అన్యాయం ఏదో ముందు వినండి. అది నిజమైతే నిజమేనని ఒప్పుకోండి, అతని గుంపువాళ్లు ఒక్కరే దాన్ని ఒప్పుకుంటున్నారన్న భ్రమ పోతుంది. ఆ అన్యాయం మీద బహిరంగంగా, చట్టబద్ధంగా పనిచేసే వారు మీ ఊళ్లో ఎవరున్నారో, ఉచిత న్యాయసహాయం చేసే వకీళ్లో, సమాచార హక్కు అర్జీలు వేసేవారో చూసి అతన్ని వాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. మెస్‌లో రేపు మీరే అతని బల్ల దగ్గర కూర్చోండి. వాదనకు దిగితే దిగనివ్వండి.


అనంతపురం రాధ:

మీ అందరికీ కృతజ్ఞతలు. అతనితో చిన్నప్పటి నుంచి చదివిన స్నేహితుడు పక్క బ్లాకులోనే ఉన్నాడు, ఈ సాయంత్రం అతనితో మాట్లాడుతున్నాను. ఆ అబ్బాయి కోపం అతని ఊరి భూమి తగాదాతో మొదలైందని మాత్రం నాకు తెలుసు. వకీలు గారూ, మా జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఎవరిని కలవాలో, ఏ కాగితాలు పట్టుకెళ్లాలో వీలైతే రాయగలరా?